విశాఖ గాలికి జవాబుదారు ఎవరు?



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు ఈ ఊళ్లోనే అర్థశాస్త్రం చెప్పారు. జాతీయాదాయం పాఠం ముగించే ముందు, ఈ లెక్కలోకి రానివి ఏమిటో చెప్పమని పిల్లల్ని అడిగేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చెబుతారు. ఆ ప్రశ్నకు ఈ రోజు నేను ఎంచుకున్న జవాబు గాలి. అభివృద్ధికీ పాలనకీ మధ్య గాలి ఏమవుతుందో మాట్లాడతాను. ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు, మనం కూర్చున్న ఊరే చాలు.

ముందు ఎదుగుదాం, శుభ్రం సంగతి తర్వాత చూసుకుందాం అనే మాట మన దగ్గర చాలామంది నోట వినిపిస్తుంది. దానికి శాస్త్రం దన్ను ఉందని కూడా కొందరు నమ్ముతారు. 1991లో జీన్ గ్రాస్‌మన్, ఆలన్ క్రూగర్ అనే అర్థశాస్త్రవేత్తలు అనేక దేశాల నగరాల గాలి లెక్కలను ఆ దేశాల తలసరి ఆదాయం పక్కన పెట్టి చూశారు. ఆదాయం పెరిగేకొద్దీ సల్ఫర్ డయాక్సైడ్ మొదట పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతున్నట్టు తేలింది. ఎక్కి దిగే ఆ గీతకు తర్వాత సైమన్ కుజ్‌నెట్స్ పేరు తగిలించారు. ఆయన 1955లో మాట్లాడింది ఆదాయ అసమానతల గురించి, పొగ గురించి కాదు. గ్రాస్‌మన్, క్రూగర్ 1995లో మరో వ్యాసం రాశారు. ఈ తగ్గుదల దానంతట అది జరిగేది కాదనీ, ఆదాయం పెరిగిన చోట జనం గట్టి నిబంధనలు కావాలని పట్టుబడతారు, ప్రభుత్వాలు పెడతాయి, ముఖ్యంగా అందువల్లే జరుగుతుందనీ అందులో స్పష్టంగా చెప్పారు. గీత మాత్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఆ వివరణ వెనకబడిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక ప్రాంతం ఎదుగుదలను నడిపించే అధికారం ఎవరి చేతిలో ఉందో, ఆ ప్రాంతమంతటి గాలికి జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా వారికే ఉన్నప్పుడు గాలి బాగుపడింది. ఈ రెండూ విడిపోయిన చోట సంపద వచ్చింది, గాలి బాగుపడలేదు. విశాఖలో అవి విడిపోయి ఉన్నాయి.

ఊరి భూగోళం మీకు తెలియనిది కాదు, కానీ వాదనకు అది కావాలి. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ, సముద్రంలోకి చొచ్చుకుపోయిన దాని కొమ్మునే డాల్ఫిన్స్ నోస్ అంటాం. తూర్పున సముద్రం. మధ్యలో గిన్నెలాంటి పల్లం. రేవు, రిఫైనరీ, ఎరువుల కర్మాగారం అన్నీ ఆ పల్లంలోకే వచ్చాయి. పాత ఊరూ అక్కడే ఉంది. పగలు సముద్రపు గాలి పొగను కొండల వైపు తోస్తుంది, రాత్రి నేల మీది గాలి దాన్నే వెనక్కి తెస్తుంది. చలికాలం రాత్రుళ్లు నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి పొర నిలుస్తుంది. కింది గాలి పైకి లేవలేదు. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక వైపు తెల్లవారుజామున నడకకు వెళ్లేవాళ్లకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఓడలకు గాలివాన నుంచి రక్షణ ఇచ్చిన కొండలే పొగను ఊరి మీద ఆపుతున్నాయి.

1933లో రేవు మొదలైంది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, దాన్నే ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌గా చూస్తున్నాం. 1967లో కోరమాండల్ ఎరువులు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో రాష్ట్రమంతా వీధుల్లోకి వచ్చింది, 32 మంది ప్రాణాలిచ్చారు. 1992లో ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2002లో సింహాద్రి థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ నడిచింది, ఇప్పుడు దాని సామర్థ్యం 2,000 మెగావాట్లు. పరవాడ చుట్టూ మందుల కంపెనీలు వచ్చాయి. ఇవేవీ ఈ నేల మీద ఎవరో బలవంతంగా రుద్దినవి కావు. బతుకుతెరువు కోసం కలకత్తాకు, రంగూన్‌కు తరాల తరబడి వలసపోయిన ఉత్తరాంధ్ర ఇది. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం అంటే ఆ ఇంట్లో పిల్లల చదువు. అందువల్ల పరిశ్రమలు వద్దనే మాట నా నోట రాదు. వాటి పొగకు జవాబుదారు ఎవరన్నదే నా ప్రశ్న.

జ్ఞానాపురంలోనో వన్‌టౌన్‌లోనో ఒక ఇల్లాలు డాబా మీద ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పడిందనుకుందాం. అది బొగ్గు కావచ్చు, ఇనుప ఖనిజం కావచ్చు. ఆమె ఎవరికి చెప్పుకోవాలి? రేవు కేంద్ర ప్రభుత్వానిది, 2021లో వచ్చిన ప్రధాన ఓడరేవుల అథారిటీల చట్టం కింద నడుస్తుంది. బొగ్గు మోసే వ్యాగన్లు రైల్వేవి. లారీలు రవాణా శాఖ పరిధిలోకి వస్తాయి, అవి తిరిగే రోడ్లలో కొన్ని నగర కార్పొరేషన్ జీవీఎంసీవి, కొన్ని జాతీయ రహదారుల సంస్థవి. ఉక్కు కర్మాగారం కేంద్ర ఉక్కు శాఖది, రిఫైనరీ పెట్రోలియం శాఖ కిందిది, నౌకాదళం రక్షణ శాఖది. సింహాద్రి ఎన్టీపీసీది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సింహాద్రి ఉన్న పరవాడ మండలం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది, కాబట్టి ఆ పొగగొట్టాల సంగతి ఇక్కడి కలెక్టరు పరిధి కూడా దాటింది. కార్పొరేషన్ కమిషనరుకు వీటిలో ఏ ఒక్కదాని గేటు దాటి లోపలికి వెళ్లి ఆదేశం ఇచ్చే అధికారం లేదు. రేవు వాళ్లు నీళ్లు చల్లుతున్నారు, కప్పు ఉన్న నిల్వ షెడ్లు కట్టుకుంటూ వచ్చారు. ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ ఊరి మొత్తం గాలి ఎవరి ఫైలు అని అడిగితే వేలు చూపించడానికి ఒక్క కార్యాలయం లేదు.

కాలుష్య నియంత్రణ మండలి ఉంది కదా అంటారు. ఉంది. 1972 స్టాక్‌హోం సదస్సులో ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి పార్లమెంటు 1981లో వాయు చట్టం చేసింది. 1987 సవరణతో పరిశ్రమను మూయించే అధికారం కూడా మండలికి వచ్చింది. కాగితం మీద ఇది చిన్న అధికారం కాదు. మరి మండలి ఎలా నడుస్తుంది? దాని ఆదాయంలో పెద్ద భాగం పరిశ్రమలు అనుమతుల కోసం కట్టే ఫీజులే. దేశవ్యాప్తంగా రాష్ట్ర మండళ్లలో దాదాపు సగం ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకే లెక్కలు వచ్చాయి. ఉన్న ఇంజనీర్ల రోజంతా పరిశ్రమ పెట్టడానికీ నడపడానికీ ఇచ్చే సమ్మతుల, అంటే సీఎఫ్ఈ, సీఎఫ్ఓ ఫైళ్లకే సరిపోతుంది. ఆ ఫైళ్లకూ గడువులున్నాయి. 2015 నుంచి కేంద్రం రాష్ట్రాలకు సులభతర వ్యాపారంలో ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ 2016లో కలిసి మొదటి స్థానంలో నిలిచాయి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ మళ్లీ మళ్లీ మొదటికి వచ్చింది. అనుమతులు ఎన్ని రోజుల్లో ఇచ్చారు, తనిఖీలు ఎంత తగ్గించారు అన్నవి ఆ ర్యాంకులో లెక్కకు వచ్చే అంశాలు. అనవసరంగా ఫైలు తొక్కిపెట్టే అధికారిని ఎవరూ సమర్థించరు, నేనూ సమర్థించను. అయితే అనుమతి ఆలస్యమైతే నిలదీసే వ్యవస్థ ఉంది, ఊరి గాలి చెడితే ముఖ్యమంత్రి స్థాయిలో ఏ అధికారినీ నిలదీసే వ్యవస్థ లేదు. అధికారులు దేన్ని ముందు చూసుకుంటారో ఊహించడం కష్టం కాదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే అత్యంత కలుషిత ప్రాంతం. విశాఖకు 70.82 వచ్చింది, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని పటాన్‌చెరు–బొల్లారానికి 70.07. దేశంలో అలాంటివి 43 తేలాయి. 2010 జనవరిలో వాటిలో కొత్త పరిశ్రమలకు పర్యావరణ అనుమతులు ఆపేశారు. రాష్ట్రాలు కార్యాచరణ ప్రణాళికలు రాసి పంపాయి, ఆ తర్వాత దశలవారీగా నిషేధం ఎత్తేస్తూ వచ్చారు. ప్రణాళిక రాసి ఇవ్వడమే షరతు అయినప్పుడు ప్రణాళికలు బాగా రాస్తారు. గాలి కొలత తగ్గడం షరతు అయివుంటే కథ మరోలా నడిచేది.

2020 మే 7 తెల్లవారుజాము మీకు గుర్తుచేయడం బాధగానే ఉంది. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీద పడింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. చట్టం కోరే పర్యావరణ అనుమతి లేకుండానే ఆ కర్మాగారం ఏళ్ల తరబడి నడిచిందనీ, ఆ సంగతి కంపెనీయే అంతకుముందు ఏడాది తన పత్రాల్లో ఒప్పుకుందనీ తర్వాత బయటపడింది. రాష్ట్ర మండలి ఇచ్చే సమ్మతి పత్రాలు మాత్రం ఉన్నాయి. ఒక కార్యాలయానికి తెలిసింది మరో కార్యాలయం పని కాకపోవడం అంటే ఇదే. ఆ రాత్రి వెంకటాపురంలో నిద్రపోతున్నవాళ్లకు ఏ అనుమతి ఎవరిది అన్న తేడా తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఊళ్లు అందులో ఉన్నాయి, విశాఖ ఒకటి. పదిహేనో ఆర్థిక సంఘం పది లక్షల జనాభా దాటిన నగరాలకు గాలి బాగు కోసం విడిగా నిధులిచ్చింది. ఇంతవరకు సంతోషించాలి. అయితే ఆ డబ్బు వచ్చింది నగరపాలక సంస్థల చేతికి. కార్పొరేషన్ తన చేతిలో ఉన్న పనే చేయగలదు: రోడ్లు ఊడ్చే యంత్రాలు కొనడం, అంచుల్లో పలకలు పరచడం, నీళ్లు చల్లడం. ఈ కార్యక్రమం ఖర్చును దేశం మొత్తం మీద సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో పరిశీలించింది. 64 శాతం రోడ్డు దుమ్ము మీదే పోయింది, పరిశ్రమల పొగ మీద ఖర్చు ఒక్క శాతం కూడా లేదు. పనితీరు కొలిచేది కూడా పీఎం 10తో, అంటే ముతక ధూళితో కలిపి. ఊపిరితిత్తుల లోతుకు దిగి రక్తంలో కలిసే సన్నటి పీఎం 2.5 పొయ్యిలోంచి, బాయిలర్‌లోంచి, డీజిల్ ఇంజన్‌లోంచి వస్తుంది. దానికి మన దేశం పెట్టుకున్న వార్షిక పరిమితి ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 5. చీపురుతో దాన్ని అందుకోలేం. కమిషనర్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల చేతికి ఇచ్చింది చీపురే.

ఇంకెక్కడైనా ఈ ముడి విప్పారా? విప్పారు. 1943 వేసవిలో లాస్ ఏంజెలిస్‌ను పొగ కమ్మేసింది, అది యుద్ధకాలం కావడంతో శత్రువు విషవాయువు వదిలాడేమోనని కూడా అక్కడ జనం భయపడ్డారు. 1947లో కౌంటీ స్థాయిలో గాలి కోసమే ఒక సంస్థ పుట్టింది. ఆ పొగకు మూలం కార్లూ రిఫైనరీలూ వదిలే ఆవిర్లేనని 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. కొండలకూ సముద్రానికీ మధ్య చిక్కుకున్న ఆ గాలి ఒక్క కౌంటీది కాదని అర్థమయ్యాక, 1970ల రెండో సగంలో నాలుగు కౌంటీల గాలినీ ఒకే సంస్థ కిందికి తెచ్చారు. అది పరిశ్రమలకు అనుమతులిస్తుంది, జరిమానా వేస్తుంది, లెక్కలు బయటపెడుతుంది. ఆ తీరంలో లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ అనే జంట రేవులున్నాయి. 2006లో రెండూ కలిసి ఒక ప్రణాళిక వేసుకుని, పాత లారీలను ఆపి, రేవులో నిలిచిన ఓడలకు ఒడ్డు నుంచి కరెంటు ఇచ్చి, డీజిల్ మసిని 80 శాతానికి పైగా తగ్గించాయి. సరుకు రవాణా మాత్రం పెరిగింది. ఓజోన్ విషయంలో ఆ ప్రాంతం ఈనాటికీ ఇబ్బంది పడుతూనే ఉంది, కాబట్టి దాన్ని స్వర్గమని చెప్పను. రేవు ఉన్న ఊరివాళ్లం కనక ఈ ఉదాహరణ మనకు చదవదగ్గది.

చైనా మరో దారి పట్టింది. 2013 సెప్టెంబరులో జాతీయ ప్రణాళిక ప్రకటించి, స్థానిక నాయకుల పనితీరును గాలి కొలతతో ముడిపెట్టింది. బీజింగ్‌లో 2013లో పీఎం 2.5 వార్షిక సగటు 89.5, 2017కు 58, 2021కి 33. ఆదాయం తగ్గకుండానే ఇది జరిగింది. పాలన మారితే గీత వంగుతుందని దీనికన్నా స్పష్టంగా చెప్పే అంకెలు లేవు. దీని రెండో ముఖం కూడా చూడాలి. బీజింగ్‌లోని షోగాంగ్ ఉక్కు కర్మాగారాన్ని ఆ ప్రణాళికకు ముందే పక్క రాష్ట్రం హెబెయ్ తీరానికి తరలించారు. 2017 చలికాలంలో బొగ్గు పొయ్యిలను నిషేధించి గ్యాస్ అందించలేకపోవడంతో, హెబెయ్‌లోని ఒక పల్లె బడిలో పిల్లలు గదుల్లో వణకలేక ఆరుబయట ఎండలో కూర్చుని చదువుకున్నారు. జవాబుదారీతనం పైకే ఉండి కిందికి లేకపోతే అంకె దిగుతుంది, దాని భారం నోరులేనివాళ్ల మీద పడుతుంది. మన దగ్గర ఆ పద్ధతి వద్దు.

మనకు నిజంగా పనికొచ్చే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. సూరత్. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా మగ్గాల మీద బతుకుతున్న ఊరు, కాబట్టి అక్కడి గాలి తెలుగువాళ్లు పీల్చే గాలి కూడా. అక్కడి డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు ఆవిరి కోసం బొగ్గు, లిగ్నైట్ కాలుస్తాయి. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఒక కొత్త ప్రయోగం చేసింది. ముందు పొగగొట్టాలకు రోజంతా కొలిచే పరికరాలు పెట్టించింది. ఆ తర్వాత ఆ మిల్లులన్నీ కలిసి నెలకు ఎంత ధూళి వదలవచ్చో ఒక మొత్తం కట్టింది. ఆ మొత్తాన్ని కిలోల లెక్కన పర్మిట్లుగా పంచింది, ఎక్కువ భాగం ఉచితంగా, కొంత వేలంలో. తక్కువ వదిలిన మిల్లు మిగిలిన పర్మిట్లు అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలినవాడు కొనుక్కోవాలి. గడువు ముగిశాక కూడా పర్మిట్ చూపించలేకపోతే, ముందే కట్టిన డిపాజిట్ నుంచి జరిమానా కోసుకుంటారు. మూడు వందలకు పైగా మిల్లుల్లో సుమారు సగాన్ని ఇందులో చేర్చి, మిగతా సగాన్ని పాత పద్ధతిలోనే ఉంచారు. పరిశోధకులు రెండు గుంపుల్నీ పోల్చి చూస్తే, కొత్త పద్ధతిలోని మిల్లుల ధూళి 20 నుంచి 30 శాతం తక్కువగా ఉంది. మిల్లులు మూతపడలేదు. పొగ తగ్గించడానికి అయ్యే ఖర్చు కూడా పాత పద్ధతికన్నా తక్కువే.

ఈ ఫలితం ఒక్కరోజులో రాలేదు. అంతకు పదేళ్ల ముందే గుజరాత్‌లో నాలుగు వందలకు పైగా కర్మాగారాల మీద మరో పరిశీలన జరిగింది. పర్యావరణ ఆడిటర్‌ను ఎంచుకునేదీ, ఫీజు ఇచ్చేదీ ఆ కర్మాగారమే అయినప్పుడు నివేదికల్లో అంకెలన్నీ పరిమితికి కాస్త కిందే ఆగిపోతున్నాయని తేలింది. ఆడిటర్‌ను లాటరీ తీసి పంపి, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చి, అక్కడక్కడ మళ్లీ కొలిచి సరిచూస్తే నివేదికలు నిజం చెప్పాయి. అంతకన్నా ముఖ్యం, కర్మాగారాలు పొగ కూడా తగ్గించాయి. అవే కర్మాగారాలు, అదే చట్టం. మారింది ఆడిటర్‌కు డబ్బు ఎవరిస్తారన్నదే. మన దగ్గర ఈ రోజుకీ పర్యావరణ ప్రభావ నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బు ఇచ్చేది ప్రాజెక్టు యజమానే.

నీతి ఆయోగ్ ప్రాంతీయ ఆర్థిక వృద్ధి కేంద్రాలుగా మొదట ఎంచుకున్న నాలుగింటిలో ముంబై, వారణాసితో పాటు సూరత్, విశాఖ ఉన్నాయి. విశాఖ ఎకనమిక్ రీజియన్ పేరుతో చుట్టుపక్కల జిల్లాలను కలిపి పెట్టుబడులు, రోడ్లు, రేవులు, ఉద్యోగాల లెక్క వేశారు. ఆర్థిక వృద్ధికి జిల్లా హద్దులు అడ్డు కాకూడదని ప్రభుత్వమే గుర్తించిందన్నమాట. అదే పటం మీద గాలికి ఒక సంస్థ ఎందుకు ఉండకూడదు? ఢిల్లీ చుట్టూ ఉన్న గాలి కోసం 2021లో పార్లమెంటు ప్రత్యేక కమిషన్ చట్టం చేయవలసి వచ్చింది, ఎందుకంటే అక్కడ అయిదు రాష్ట్రాలు ఒకరి మీద ఒకరు నెట్టుకుంటున్నాయి. మన గిన్నె పూర్తిగా ఒక్క రాష్ట్రంలో ఉంది. 1981 చట్టం 19వ సెక్షన్ కింద వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతాన్ని ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది. రేవు, ఉక్కు, రిఫైనరీ కేంద్రానివే అయినా ఆ చట్టం నుంచి వాటికి మినహాయింపు లేదు. కావలసింది కొత్త చట్టం కాదు. రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాలి, అంతే.

ఉద్యోగాలు పోతాయా అని కార్మిక మిత్రులు అడుగుతారు, అడగాలి. మల్కాపురంలో ఇల్లు, రిఫైనరీలో కాంట్రాక్టు పని ఉన్న మనిషి ఆ పొగను అందరికన్నా దగ్గరగా పీలుస్తాడు, ఆ పని పోతే ముందు పస్తులుండేదీ అతనే. అందుకే గాలి కోసం పెట్టే ఆ సంస్థలో కార్మిక సంఘాలకు, వార్డు ప్రతినిధులకు చోటు ఉండాలి. బీజింగ్ చేసిన తప్పు ఇక్కడ జరగకూడదు.

ఇప్పుడే మొదలుపెట్టగల పనులు మూడు. మొదటిదానికి ఖర్చు కూడా పెద్దగా కాదు. 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమలు పొగగొట్టాలకు నిరంతర కొలత పరికరాలు పెట్టుకోవాలని 2014లో కేంద్ర మండలి ఆదేశించింది. ఆ అంకెలు మండలి కంప్యూటర్లకు వెళుతూనే ఉన్నాయి. వాటిని రోజూ తెలుగులో, చదివితే అర్థమయ్యేలా ఆ పరిశ్రమ ఉన్న వార్డు సచివాలయం గోడ మీద పెట్టాలి. రెండోది, ప్రభావ నివేదికలు రాసేవాళ్లకూ ఆడిటర్లకూ ఫీజు ఉమ్మడి నిధి నుంచి పోవాలి. మూడోది ప్రజాభిప్రాయ సేకరణ గురించి. నక్కపల్లిలో తలపెట్టిన కొత్త ఉక్కు కర్మాగారం మొదటి దశలోనే ఏటా 70 లక్షల టన్నులకు పైగా ఉక్కు తీయాలనుకుంటోంది. ఇలాంటి ప్రాజెక్టు నివేదికలు సాధారణంగా చుట్టూ 10 కిలోమీటర్ల వరకే చూస్తాయి. ఈ ప్రాంతం గాలి మొత్తం మీద ఇప్పటికే ఉన్న భారం ఎంత, కొత్త పొగగొట్టం దానికి ఎన్ని టన్నులు కలుపుతుంది, అంత మేరకు ఎక్కడ తగ్గిస్తారు అన్న మూడు అంకెలు షామియానా కింద కూర్చున్న జనం ముందు కలెక్టరు తెలుగులో చదివి వినిపించాలి. అవి చదవకుండా ఆ సభ ముగిసినట్టు మినిట్స్‌లో రాయకూడదు.